తెరిచింది ఎవరు, మూయాల్సింది ఎవరు? చైన్ ఆఫ్ రెస్పాన్సిబిలిటీలో రిసోర్స్ క్లీనప్

డిజైన్ ప్యాటర్న్స్ గురించి మాట్లాడుకుంటున్నాం కదా, ఈ రోజు పుస్తకాల్లో ఒక పేజీ మూలన ఉండిపోయే విషయం ఒకటి తీసుకుందాం. ఇంటర్వ్యూల్లో దీన్ని పెద్దగా అడగరు. కానీ ఉద్యోగంలో చేరాక రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగేది ఎక్కువగా ఇలాంటి వాటి గురించే.

ముందు సమస్య చూద్దాం. ఫోన్‌లో ఒక యాప్ ఓపెన్ చేశారు. పొద్దున బాగానే పనిచేసింది. మధ్యాహ్నానికి ఏది నొక్కినా లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంది. అర నిమిషం తిరిగి, ఏదో తప్పు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి అంటుంది. మీ నెట్ బాగానే ఉంది, పక్క యాప్‌లో వీడియో ఆడుతోంది. కాసేపటికి అవతల సర్వర్ టీమ్ వాళ్ళు సర్వర్‌ని రీస్టార్ట్ చేస్తారు. అంతా మామూలైపోతుంది. రెండు రోజులాగి మళ్ళీ అదే కథ.

రీస్టార్ట్ చేస్తే తగ్గిపోయే ఇలాంటి జబ్బులకు కారణాలు చాలా ఉంటాయి. వాటిలో తరచుగా దొరికేది ఒకటుంది: తెరిచినదాన్ని ఎవరూ మూయకపోవడం. కోడ్ రాసినవాళ్ళకు మూయాలని తెలియక కాదు. పక్కవాళ్ళు మూస్తారులే అనుకోవడం వల్ల. పదిమందిలో పాము చావదు అంటారే, సరిగ్గా అదే.

గొలుసు అంటే ఏంటి?

చైన్ ఆఫ్ రెస్పాన్సిబిలిటీ అనే పేరు 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకంలో ఉంది. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడిస్ అనే నలుగురు రాశారు. అందులో ఉన్న 23 ప్యాటర్న్స్‌లో ఇది ఒకటి.

ఒక ఆఫీసులో ఫైల్ తిరగడం చూసే ఉంటారు. మీరు అర్జీ ఇస్తారు. మొదటి టేబుల్ దగ్గర చూస్తారు, అక్కడ తేలకపోతే రెండో టేబుల్‌కి వెళ్తుంది, అక్కడా తేలకపోతే పై అధికారి దగ్గరికి. ఏ టేబుల్ దగ్గర తేలుతుందో అర్జీ ఇచ్చిన మీకు తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. ప్రతి టేబుల్‌కీ తన తర్వాతి టేబుల్ ఏదో తెలిస్తే చాలు. కోడ్‌లో ఈ టేబుల్‌నే హ్యాండ్లర్ అంటాం. ఫ్రేమ్‌వర్క్‌ని బట్టి ఫిల్టర్ అనీ, ఇంటర్‌సెప్టర్ అనీ, మిడిల్‌వేర్ అనీ పేర్లు మారుతుంటాయి. పద్ధతి మాత్రం అదే.

దీనివల్ల లాభం ఏంటి? లాగిన్ చెక్ ఒక హ్యాండ్లర్, లాగింగ్ ఒక హ్యాండ్లర్, క్యాష్ ఒక హ్యాండ్లర్. ఒకదాన్ని తీసేసినా, కొత్తది మధ్యలో పెట్టినా మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు. ఎవరి పని వాళ్ళది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ గొలుసు మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. అది బగ్ కాదు, ప్యాటర్న్ స్వభావమే అంత. రెండో టేబుల్ దగ్గర పని తేలిపోతే మూడో టేబుల్‌కి ఫైల్ వెళ్ళదు. క్లీనప్ కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

రిసోర్స్ అంటే మెమరీ ఒక్కటే కాదు

జావా, కోట్లిన్ లాంటి భాషలు నేర్చుకునేటప్పుడు గార్బేజ్ కలెక్టర్ ఉంది, అదే శుభ్రం చేస్తుంది అని చెబుతారు. మెమరీ వరకు అది నిజమే. కానీ ఓపెన్ చేసిన ఫైల్, నెట్‌వర్క్ సాకెట్, డేటాబేస్ కనెక్షన్, వేసిన లాక్, ఇవన్నీ వేరే సంగతి. వీటికి లెక్క ఉంటుంది. లినక్స్‌లో చాలాచోట్ల ఒక ప్రాసెస్ ఒకేసారి తెరిచి ఉంచగల ఫైల్స్, సాకెట్లు అన్నీ కలిపి డిఫాల్ట్ సాఫ్ట్ లిమిట్ 1024. అది దాటితే టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అనే ఎర్రర్ వస్తుంది. గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడు వస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. అది చూసేది మెమరీ ఎంత నిండిందో. సాకెట్లు ఎన్ని మిగిలాయో దానికి పట్టదు.

డేటాబేస్ కనెక్షన్ల సంగతి ఇంకా గట్టిగా ఉంటుంది. స్ప్రింగ్ బూట్ 2.0 నుంచి డిఫాల్ట్‌గా వస్తున్న కనెక్షన్ పూల్ హికారీసీపీ. మీరేమీ మార్చకపోతే అందులో గరిష్ఠంగా 10 కనెక్షన్లు. పదీ బయట ఉంటే పదకొండో రిక్వెస్ట్ 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ తెచ్చుకుంటుంది. ఇందాక లోడింగ్ చక్రం అర నిమిషం తిరిగింది అన్నాను కదా, ఆ అర నిమిషం ఇదే కావచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం

మూడు ఫిల్టర్లు ఉన్న సర్వర్ అనుకుందాం. మొదటి ఫిల్టర్ పూల్ నుంచి ఒక డేటాబేస్ కనెక్షన్ తీసుకుని రిక్వెస్ట్‌కు జత చేస్తుంది. రెండో ఫిల్టర్ ఆ కనెక్షన్‌తో యూజర్ పాస్‌వర్డ్ సరిచూస్తుంది. మూడోది అసలు పని చేసి, చివర్లో కనెక్షన్‌ని పూల్‌కి తిరిగి ఇచ్చేస్తుంది.

చూడ్డానికి బాగుంది. మొదట తీశాం, చివర ఇచ్చాం. టెస్ట్ చేస్తే పాసవుతుంది, ఎందుకంటే టెస్ట్‌లో మనం సరైన పాస్‌వర్డే ఇస్తాం.

ఇప్పుడు ఎవరో తప్పు పాస్‌వర్డ్ కొట్టారు. రెండో ఫిల్టర్ తన పని తాను సరిగ్గానే చేసింది, మీకు అనుమతి లేదు అని జవాబిచ్చి ఆపేసింది. మూడో ఫిల్టర్ దాకా రిక్వెస్ట్ వెళ్ళనే లేదు. కనెక్షన్ తిరిగి ఇచ్చే లైన్ ఉన్నది మూడో ఫిల్టర్‌లో. అంటే ఒక కనెక్షన్ పోయింది. దాన్ని గార్బేజ్ కలెక్టర్ కూడా కాపాడలేదు, ఎందుకంటే తాను ఇచ్చిన కనెక్షన్ల జాబితా పూల్ దగ్గర ఉంటుంది. పూల్ లెక్కలో అది ఇంకా వాడకంలోనే ఉంది.

పూల్‌లో ఉన్నవి 10. పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ పడితే సైట్ మొత్తం నిలబడిపోతుంది. హ్యాకింగ్ అక్కర్లేదు. మతిమరుపు ఉన్న పదిమంది చాలు.

ఇందులో ఏ ఫిల్టర్ తప్పు చేసింది? విడివిడిగా చూస్తే ఏదీ చేయలేదు. తప్పంతా ఒప్పందంలో ఉంది. ఒకరు తెరిచి, మూసే పనిని గొలుసు చివర ఉన్నవాళ్ళకు వదిలేశారు. గొలుసు చివరిదాకా వెళ్తుందని గ్యారంటీయే లేనప్పుడు, చివర పెట్టిన క్లీనప్‌కు కూడా గ్యారంటీ ఉండదు.

పరిష్కారం: వెళ్ళేదారి, వచ్చేదారి

గొలుసు అనగానే మన ఊహలో ఒకవైపే వెళ్ళే గీత ఉంటుంది. చాలా ఫ్రేమ్‌వర్క్‌లలో అది నిజానికి ఉల్లిపాయ పొరల్లా ఉంటుంది. మొదటి ఫిల్టర్ రెండోదాన్ని పిలుస్తుంది, రెండోది మూడోదాన్ని పిలుస్తుంది. మూడోది ముగియగానే కంట్రోల్ రెండోదానికి, తర్వాత మొదటిదానికి తిరిగి వస్తుంది. మధ్యలో ఎవరు ఆపేసినా, ఎక్సెప్షన్ వచ్చినా, తిరిగొచ్చేది పిలిచినవాళ్ళ దగ్గరికే.

కాబట్టి క్లీనప్ పెట్టాల్సిన చోటు తెరిచిన హ్యాండ్లర్‌లోనే. మొదటి ఫిల్టర్ ఇలా ఉండాలి: కనెక్షన్ తీసుకో; ట్రై బ్లాక్‌లో తర్వాతి ఫిల్టర్‌ని పిలువు; ఫైనల్లీ బ్లాక్‌లో కనెక్షన్ తిరిగి ఇవ్వు. అంతే. ఇప్పుడు రెండో ఫిల్టర్ ఆపేసినా, మూడో ఫిల్టర్ కుప్పకూలినా, ఫైనల్లీ నడుస్తుంది. జావా 7లో వచ్చిన ట్రై విత్ రిసోర్సెస్, కోట్లిన్‌లో యూజ్ అనే ఫంక్షన్, రెండూ ఈ పనినే తక్కువ లైన్లలో చేస్తాయి.

ఇంకో లాభం, క్రమం కూడా దానంతట అదే కుదురుతుంది. ముందు తెరిచింది చివర మూతపడాలి, చివర తెరిచింది ముందు మూతపడాలి. చొక్కా మీద స్వెటర్ వేసుకున్నాక ముందు విప్పేది స్వెటరే కదా. పొరల పద్ధతిలో మనం ప్రత్యేకంగా ఏమీ చేయకుండానే ఇలా జరుగుతుంది.

రూల్ నంబర్ వన్ ఇది: తెరిచినవాళ్ళే మూయాలి.

ఇక్కడితో ఆపేస్తే ఎపిసోడ్ ఐదు నిమిషాల్లో అయిపోయేది. కానీ ఈ రూల్ అన్నిచోట్లా సరిపోదు. ఎందుకో మీ ఫోన్‌లోనే చూద్దాం.

ఆండ్రాయిడ్ యాప్‌లో: ఓకే హెచ్‌టీటీపీ

ఆండ్రాయిడ్ యాప్‌లు సర్వర్‌తో మాట్లాడటానికి విరివిగా వాడే లైబ్రరీ ఓకే హెచ్‌టీటీపీ. స్క్వేర్ అనే కంపెనీ నుంచి వచ్చింది. దాని లోపల ఉన్నది ఇంటర్‌సెప్టర్ల గొలుసే. మీరు రాసిన ఇంటర్‌సెప్టర్లు ముందు, ఆ తర్వాత రీట్రై, క్యాష్, కనెక్షన్ లాంటి పనులు చేసే లైబ్రరీ సొంత ఇంటర్‌సెప్టర్లు. ప్రతి ఇంటర్‌సెప్టర్ ప్రొసీడ్ అని పిలిస్తే రిక్వెస్ట్ ముందుకు వెళ్తుంది, రెస్పాన్స్ వెనక్కి వస్తుంది.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, చేతికొచ్చిన రెస్పాన్స్‌ని పూర్తిగా దిగిపోయిన డేటా అనుకుంటారు. కాదు. హెడర్లు వచ్చాయి, బాడీ ఇంకా పైపులో ఉంది. మీ చేతిలో ఉన్నది తిప్పిన కుళాయి, నిండిన బిందె కాదు. ఆ బాడీ వెనక ఒక సాకెట్ ఉంటుంది. క్యాష్ నుంచి వస్తే తెరిచిన ఫైల్ ఉంటుంది. దాన్ని మూసేదాకా అది వదలదు.

ఇప్పుడు ఇంటర్‌సెప్టర్ రెస్పాన్స్‌ని తెచ్చింది. తెరిచింది నేనే కదా అని తనే మూసేస్తే? పైన ఎదురుచూస్తున్న స్క్రీన్‌కు ఖాళీ కుళాయి వెళ్తుంది. కాబట్టి ఇక్కడ ఇంటర్‌సెప్టర్ మూయకూడదు, పైకి అప్పగించాలి. అంటే రెస్పాన్స్‌తో పాటు మూసే బాధ్యత కూడా పైవాళ్ళకు వెళ్ళింది. చివరికి బాడీ చదివే కోడ్ దాన్ని మూయాలి.

రూల్ నంబర్ టూ: వస్తువు అప్పగిస్తే బాధ్యత కూడా అప్పగించినట్టే. ఆ సంగతి ఇద్దరికీ తెలిసి ఉండాలి.

ఈ లెక్క తప్పే రెండు చోట్లు చెబుతాను.

ఒకటి, రీట్రై ఇంటర్‌సెప్టర్. సర్వర్ 503 ఇచ్చింది అనుకోండి, అంటే ఇప్పుడు ఖాళీ లేదు అని. మీ ఇంటర్‌సెప్టర్ రెండు సెకన్లు ఆగి మళ్ళీ ప్రొసీడ్ పిలిచింది. కొత్త రెస్పాన్స్ బాగుంది, దాన్ని పైకి ఇచ్చేసింది. మరి పాత 503 రెస్పాన్స్? దాన్ని పైవాళ్ళు చూడనే లేదు, కాబట్టి మూయలేరు. కిందివాళ్ళు అప్పగించేశారు, వాళ్ళ పని అయిపోయింది. దాని గురించి తెలిసినవాళ్ళు లోకంలో మీరొక్కరే. అందుకే ప్రొసీడ్‌ని ఒకటికంటే ఎక్కువసార్లు పిలిచేటప్పుడు పాత రెస్పాన్స్ బాడీని తప్పకుండా మూయాలని ఓకే హెచ్‌టీటీపీ డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది. కొత్త వెర్షన్లలో మూయకుండా మళ్ళీ పిలిస్తే, పాత రెస్పాన్స్ ఇంకా తెరిచే ఉంది, క్లోజ్ పిలవండి అని ఎక్సెప్షన్ కూడా వేస్తుంది. అది చూసి విసుక్కోకండి. మౌనంగా లీక్ అవడం కంటే అరిచి చెప్పడం మంచిదే కదా.

రెండు, లాగింగ్ ఇంటర్‌సెప్టర్. ఇది రివర్స్ కేస్. డీబగ్ కోసం బాడీని స్ట్రింగ్‌గా మార్చి ప్రింట్ చేస్తారు. ఆ స్ట్రింగ్ ఫంక్షన్ బాడీ మొత్తం చదివి, మూసేస్తుంది కూడా. బాడీని ఒక్కసారే చదవగలం. పైనున్న కోడ్ చదవబోతే క్లోజ్డ్ అనే ఎర్రర్. ఇక్కడ పీక్ బాడీ అనే ఫంక్షన్ వాడాలి. ఎన్ని బైట్లు కావాలో చెబితే అంతవరకు కాపీ ఇస్తుంది, అసలు బాడీ అలాగే ఉంటుంది.

గమనించారా? మొదటి కేసులో ఎవరూ మూయలేదు, రెండో కేసులో తనది కానిదాన్ని మూసేశారు. రెండింటికీ మూలం ఒకటే: ఈ క్షణంలో ఇది ఎవరిది అనే ప్రశ్నకు జవాబు లేకపోవడం.

నెట్టీ చెప్పే పాఠం

ఈ ప్రశ్నకు లెక్కాపత్రంతో జవాబు చెప్పిన లైబ్రరీ నెట్టీ. జావాలో నెట్‌వర్క్ సర్వర్లు రాయడానికి బాగా వాడతారు. దాని పైప్‌లైన్ కూడా హ్యాండ్లర్ల గొలుసే. వేగం కోసం నెట్టీ తన బఫర్లను తానే చూసుకుంటుంది, అందుకని ప్రతి బఫర్‌కూ ఒక లెక్క ఉంటుంది. పుట్టినప్పుడు 1. రిటైన్ అంటే ఒకటి పెరుగుతుంది, రిలీజ్ అంటే ఒకటి తగ్గుతుంది. సున్నాకి వస్తే బఫర్ వెనక్కి వెళ్ళిపోతుంది.

ఇక్కడ బఫర్‌ని తెరిచింది నెట్టీయే, మీ హ్యాండ్లర్ కాదు. పైగా ముందుకు పంపాక పని ఎప్పుడు ముగుస్తుందో పంపినవాళ్ళకు తెలియదు. అందుకని వాళ్ళు పెట్టుకున్న రూల్: చివరిగా ఎవరు వాడతారో వాళ్ళే రిలీజ్ చేయాలి. ముందుకు పంపేస్తే మీ బాధ్యత తీరింది. మీ దగ్గరే ఆపేస్తే మీరే చివరివాళ్ళు, మీరే రిలీజ్ చేయాలి.

ఆపేసే హ్యాండ్లర్లు రాసేవాళ్ళ కోసం సింపుల్ చానల్ ఇన్‌బౌండ్ హ్యాండ్లర్ అనే క్లాస్ ఉంది. మీ కోడ్ అయ్యాక అదే రిలీజ్ చేసేస్తుంది. బాగుంది కదా అని దాన్ని వాడి, లోపల మెసేజ్‌ని ముందుకు కూడా పంపితే ఇబ్బందే. తర్వాతి హ్యాండ్లర్ ఇంకా వాడుతుండగా బఫర్ వెళ్ళిపోవచ్చు. అలా పంపాలంటే ముందు రిటైన్ పిలవాలి.

ఎవరూ పట్టించుకోకుండా చివరిదాకా వచ్చిన మెసేజ్‌ల సంగతి? పైప్‌లైన్ తోకలో నెట్టీ సొంత హ్యాండ్లర్ ఒకటి ఉంటుంది. అది ఆ మెసేజ్‌ని రిలీజ్ చేసి, లాగ్‌లో ఒక ముక్క రాస్తుంది. మీరు సొంతంగా గొలుసు రాస్తే ఇది కాపీ కొట్టాల్సిన ఐడియా.

ఒక ఉచ్చు: అసింక్

ఫైనల్లీ పెట్టేశాం, ఇక దిగులు లేదు అనుకోకండి. తర్వాతి హ్యాండ్లర్ పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించి వెంటనే తిరిగి వచ్చేస్తే? మీ ఫైనల్లీ నడుస్తుంది, కనెక్షన్ మూసేస్తుంది. అవతల థ్రెడ్ ఇంకా ఆ కనెక్షన్‌తోనే పని చేస్తోంది. వంట సగంలో ఉండగా గ్యాస్ కట్టేసినట్టు. అసింక్ గొలుసులో ఫంక్షన్ తిరిగి రావడం వేరు, పని పూర్తవడం వేరు. క్లీనప్‌ని పని పూర్తయ్యే చోట కట్టాలి: ఫ్యూచర్ ముగిసినప్పుడు పిలిచే కాల్‌బ్యాక్‌లో. అది సక్సెస్, ఫెయిల్యూర్, క్యాన్సిల్, మూడింటికీ నడవాలి. యూజర్ బ్యాక్ బటన్ నొక్కి వెళ్ళిపోవడం కూడా ఒక ముగింపే. దాన్ని మర్చిపోతుంటారు.

మీరు హ్యాండ్లర్ రాసేటప్పుడు

స్క్రీన్‌షాట్ తీసుకోవాలంటే ఇక్కడ తీసుకోండి. ప్రతి హ్యాండ్లర్ దగ్గర ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. నేను ఇక్కడ ఏం తెరిచాను? తెరిచిన మరుక్షణమే ట్రై మొదలవ్వాలి. మధ్యలో ఇంకో నాలుగు లైన్లు ఉంటే, ఆ నాలుగు లైన్లలో ఎక్సెప్షన్ వస్తే లీకే.

2. నాకు వచ్చినదాన్ని ముందుకు పంపుతున్నానా, ఆపేస్తున్నానా, మార్చి ఇంకోటి ఇస్తున్నానా? పంపితే ముట్టుకోవద్దు. ఆపితే, అది నాకు అప్పగించినదైతే నేనే మూయాలి. మార్చితే పాతదాన్ని నేనే మూయాలి.

3. నా కింద ఉన్నవాళ్ళు ఎక్సెప్షన్ వేస్తే నా వస్తువులు ఏమవుతాయి?

4. రెండు మూసేవి ఉంటే, మొదటిది మూసేటప్పుడే ఎర్రర్ వస్తే రెండోది మూతపడుతుందా? ట్రై విత్ రిసోర్సెస్ దీన్ని చూసుకుంటుంది. చేత్తో రాస్తే మీరే చూసుకోవాలి.

ఇక పట్టుకోవడం ఎలా? లీక్ కంటికి కనబడదు, కాబట్టి పనిముట్లు కావాలి. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్ అనే సెట్టింగ్ ఉంది. డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. ఆన్ చేస్తే, ఇన్ని మిల్లీసెకన్లు దాటినా వెనక్కి రాని కనెక్షన్‌ని ఎవరు తీశారో స్టాక్ ట్రేస్‌తో చెబుతుంది. ఆండ్రాయిడ్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఉంది, మూయకుండా వదిలేసిన క్లోజబుల్ ఆబ్జెక్ట్‌లను డెవలప్‌మెంట్‌లోనే చూపిస్తుంది. నెట్టీలో లీక్ డిటెక్టర్‌కు నాలుగు స్థాయిలు ఉన్నాయి. మామూలుగా సుమారు 1 శాతం బఫర్లనే గమనిస్తుంది; టెస్ట్‌లలో పారనాయిడ్ స్థాయి పెడితే అన్నింటినీ గమనిస్తుంది.

టెస్ట్‌ల గురించి ఒక్క మాట. అంతా సవ్యంగా జరిగే టెస్ట్ లీక్‌ని పట్టదు. గొలుసును కావాలని మధ్యలో తెంపండి. పూల్ సైజ్ 2 పెట్టి, తప్పు పాస్‌వర్డ్‌తో మూడుసార్లు రిక్వెస్ట్ పంపండి. మూడోసారి కూడా అనుమతి లేదు అనే జవాబు వెంటనే వస్తే మీ గొలుసు మంచిది. చక్రం తిరిగితే మాత్రం లీక్ దొరికినట్టే. రెండు నిమిషాల టెస్ట్ ఇది, రాత్రి పదకొండు గంటల ఫోన్‌ని ఆపుతుంది.

మొత్తం కలిపి చూస్తే, చైన్ ఆఫ్ రెస్పాన్సిబిలిటీ అనే పేరులోనే బాధ్యత ఉంది. ఆ ప్యాటర్న్ పంచేది రిక్వెస్ట్‌ని ఎవరు చూసుకోవాలి అనే బాధ్యతనే. శుభ్రం చేసే బాధ్యతను అది ఎవరికీ ఇవ్వదు. అది మీరు విడిగా రాసి పెట్టాలి, ప్రతి హ్యాండ్లర్ పైన ఒక లైన్ కామెంట్‌గా అయినా సరే: ఇది నాది, నేను మూస్తాను, లేదా, ఇది మీకు అప్పగిస్తున్నాను, మీరు మూయండి.

ఈ వారం మీ ప్రాజెక్ట్‌లో ఒక్క ఫిల్టర్‌నో, ఒక్క ఇంటర్‌సెప్టర్‌నో తెరిచి, అందులో రిటర్న్ అని ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. ప్రతి రిటర్న్ ఒక బయటికి వెళ్ళే తలుపు. ప్రతి తలుపు దగ్గరా లైట్ ఆర్పి వెళ్తున్నామా లేదా చూడండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.